ధారణ పత్రం లేనిదే బిడ్డనెత్తరాదు

హరిప్రియ ప్రసూతి సెలవు ముగించుకుని డ్యూటీలో చేరిన రోజునే, బిడ్డల్ని ఎలా మోయాలో తెలిపే ఉత్తర్వు కూడా ఆఫీసులో చేరింది. ఉత్తర్వు నలభై రెండు పేజీలు. హరిప్రియకు అప్పటికి బిడ్డను మోసిన అనుభవం ఐదు నెలలు. మొదటి పేజీ పూర్తయ్యేసరికి ఆ ఐదు నెలలూ తను చేసింది తప్పని ఆమెకు తెలిసిపోయింది.

ఆ ఆఫీసు పేరు శిశు సాన్నిహిత్య మండలి, ఎర్రమిట్ట పట్టణ శాఖ. పసిబిడ్డలు పెద్దవాళ్లకు దగ్గరగా పెరిగేలా చూడటం మండలి బాధ్యత. ఆ సంగతి బిడ్డలే ఏడ్చి సాధించుకునేవారు కాబట్టి, మండలికి ఏడాదికొక ర్యాలీ, ఒక ముగ్గుల పోటీ తప్ప పెద్దగా పనుండేది కాదు. ఇలా ఉండగా మండలి సభ్య కార్యదర్శి పరాంకుశం గారు ఏదో చలిదేశంలో సదస్సుకు వెళ్లారు. అక్కడ ఒక షాపింగ్ మాల్‌లో ఆరడుగుల మగవాడు బిడ్డను గుడ్డతో రొమ్ముకు కట్టుకుని, ఒక చేత ఐస్‌క్రీము, ఒక చేత ఫోను పట్టుకుని పోతుండటం చూశారు. ఆ దృశ్యం ఆయన్ని నిలువునా కదిలించింది. మన దగ్గర ఇలాంటిది లేకపోయెనే అని ఆ మాల్‌లోనే సిగ్గుతో తలదించుకున్నానని ఉత్తర్వు ముందుమాటలో రాసుకున్నారు.

పట్టణ శాఖకు పెద్ద వామనమూర్తి. ఉత్తర్వును ఆయన సిబ్బందినందరినీ నిలబెట్టి పైకి చదివాడు.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, పట్టణమందలి ఏడాది లోపు శిశువులను చంకన, భుజమున, నడుమున, వీపున, ఒడిలోన అశాస్త్రీయముగా మోయుచున్న పద్ధతులకు తక్షణమే స్వస్తి పలుకవలెను. ఇకపై మోయుట అను పదము వాడరాదు. ధరించుట అనవలెను. మోయువారు ధారకులు. మోయబడువారు ధార్యులు."

అటెండరు దస్తగిరి చెయ్యెత్తాడు. "దించడాన్ని ఏమనాల సార్?"

వామనమూర్తి రెండు పేజీలు తిప్పి, వేలుపెట్టి చూపించాడు. "ధారణ విరమణ."

మిగతాదంతా కొలతలు. గుడ్డ అయిదు మీటర్ల ముడి నూలుది కావాలి. బిడ్డ రొమ్ముకు మాత్రమే ఆనాలి. ముడులు ఏడు. రోజుకు నాలుగు గంటలు తగ్గకూడదు. శిక్షణ పొంది, పరీక్ష రాసి, ధారణ పత్రం తీసుకున్నవారే బిడ్డను ఎత్తాలి. తొంభై రోజుల గడువు. ఆ తర్వాత పత్రం లేకుండా బిడ్డను ఎత్తినవారు, తల్లి అయినా సరే, సంజాయిషీ ఇచ్చుకోవాలి.

సాయంత్రం హరిప్రియ ఇంటికెళ్లి, ఆఫీసులో ఇచ్చిన నమూనా గుడ్డను మంచం మీద పరిచింది. ఆమె భర్తకు బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు మాత్రమే వస్తాడు. ఇంట్లో ఉండేది తల్లి సరోజిని, అవ్వ సుంకులమ్మ. సరోజిని టీచరుగా చేరి, చివరి పద్దెనిమిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఆమె ఇంట్లో కూడా గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలుచీరే కడుతుంది.

గుడ్డను చూడగానే సరోజిని మొహం మారిపోయింది. "దీంట్లో బిడ్డను కట్టుకుని నువ్వు ఊళ్లో తిరుగుతావా?"

"నేనొక్కదాన్నే కాదమ్మా. ఊరంతా తిరగాలి. రూలు."

"నిన్ను నేను చక్రాల బండిలో పెంచాను. బెంగళూరు నుంచి తెప్పించాను. ఈ వీధిలో అట్లాంటి బండి ఇంకొకరికి లేదు. గుడ్డలో కట్టుకుని తిరిగేది ఎవరో తెలుసా నీకు? గతి లేనివాళ్లు."

"ఇప్పుడు గతి ఉన్నవాళ్లే కట్టుకుంటున్నారమ్మా. ఇంటర్నెట్‌లో చూడు, సినిమా వాళ్లు కూడా..."

గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న సుంకులమ్మ తల కూడా ఎత్తకుండా అంది: "గతి ల్యాకనే గట్టుకున్యామే. రెండు చేతులూ పనికి గావాల. బిడ్డని యాడ పెడతావు? మీయమ్మ నా యీపున రెండేండ్లు ఉన్యాది. రాళ్లు గొట్టేకాడ దుమ్ములో పడుకోబెడితే..."

"అమ్మా! ఇప్పుడవన్నీ ఎందుకు?" అని సరోజిని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి.

హరిప్రియ అవ్వ వైపు చూసింది. అమ్మ రోడ్డు పనుల దగ్గర పెరిగిన పిల్ల అని ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. సుంకులమ్మ చేటను ఒకసారి ఎగరేసి, "మీయమ్మకు ఆ మాట రుచించదులే," అంది.

శిక్షణ మొదలైంది. శిక్షణకు బిడ్డలు కావాలి. బిడ్డలను ఇవ్వండని వార్డుల్లో దండోరా వేయిస్తే, ఒక్క తల్లీ ఇవ్వలేదు. ఒకావిడ మాత్రం వచ్చి, ఎన్నాళ్లు ఉంచుకుంటారని ఆశగా అడిగి, సాయంత్రానికే తిరిగిస్తామనేసరికి నిరుత్సాహపడి వెళ్లిపోయింది. వామనమూర్తి పైకి రాశాడు. మూడో రోజు జవాబొచ్చింది: "సజీవ ధార్యులు లభ్యము కానిచోట ఆరున్నర కిలోల ఇసుక నింపిన సంచిని ధార్య ప్రతిరూపముగా వినియోగించవలెను." నది ఇసుక దొరక్క రోబో శాండ్ నింపారు. ప్రతి సంచికీ నంబరు కుట్టారు. హరిప్రియకు పద్నాలుగో నంబరు వచ్చింది.

ప్రతిరూపాన్ని నేల మీద పెట్టకూడదు. గంటకోసారి ప్రేమగా పలకరించాలి. పలకరించినట్టు పుస్తకంలో సంతకం చేయాలి. ఆఫీసులో పదకొండు మంది రొమ్ములకు సంచులు కట్టుకుని ఫైళ్లు చూస్తుంటే, పనుల మీద వచ్చిన జనం మొదట నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు. దస్తగిరి తన సంచికి కాటుక బొట్టు కూడా పెట్టాడు. దిష్టి తగలకుండా అట. తనిఖీ నివేదికలో అది "ఆదర్శ ఆచరణ"గా నమోదైంది.

పదిహేను రోజులపాటు సంచిని ఇంటికి కూడా తీసుకెళ్లాలన్నది నియమం. మొదటి సాయంత్రం హరిప్రియ గుమ్మంలో అడుగుపెట్టేసరికి సుంకులమ్మ పాత చీరతో పాప ఆశ్రితను వీపున కట్టుకుని తులసికోటకు నీళ్లు పోస్తోంది. పాప నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతోంది.

"రొమ్మున ఏందే అది?" అంది అవ్వ.

"పాపకు బదులు అవ్వా. ప్రాక్టీసు."

"పాప ఈడే ఉండాదే?"

"పాప లెక్కలోకి రాదవ్వా. పరీక్ష సంచి మీదనే."

సుంకులమ్మ ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మొహంలో జాలి కనబడింది. అది మనవరాలి మీదనో సంచి మీదనో హరిప్రియకు తెలియలేదు.

ఆ పదిహేను రోజులూ అలాగే గడిచాయి. రోజంతా ఇసుకను మోసి, దానితో మాట్లాడి, ఇంటికొచ్చేసరికి హరిప్రియ భుజాలు పడిపోయేవి. పాప చేతులు చాచితే ఎత్తుకోవడానికి ఓపిక ఉండేది కాదు. పక్కన పడుకోబెట్టుకుని పాలిస్తూ, పాప వేళ్లు పట్టుకుని నిద్రపోయేది. అయినా పరీక్షలో ఆమెకు నూటికి తొంభై ఒకటి వచ్చాయి. ధారణ పత్రం మీద ఫొటోలో ఆమె రొమ్మున పద్నాలుగో నంబరు ఉంది. దస్తగిరికి తొంభై ఎనిమిది.

చిక్కు సర్వే దగ్గరొచ్చింది. వార్డులో ఏ బిడ్డను ఎవరెవరు ఎత్తుతున్నారో హరిప్రియ రాయాలి. ఆమె ఇల్లు ఆమె వార్డులోనే ఉంది. తన ఇల్లు వదిలేసి రాద్దామనుకుంది. కానీ ఒక ఉదయం వామనమూర్తి స్కూటరు మీద వెళుతూ, కూరగాయల బండి దగ్గర పాపను వీపున కట్టుకుని బెండకాయలు విరిచి చూస్తున్న సుంకులమ్మను చూశాడు.

"హరిప్రియ గారూ, ఆ ముసలావిడ మీ అవ్వగారటగా? వీపున ధరించుట నిషేధం. పైగా పత్రం లేదు. మన ఇంట్లోనే ఇట్లా అయితే పబ్లిక్‌కి మనం ఏం చెబుతాం? పరీక్షకు పంపించండి. నేనే దగ్గరుండి పాస్ చేయిస్తాను."

పరీక్షకు బల్ల అవతల ఇద్దరు కూర్చున్నారు. ఒకరు వామనమూర్తి. రెండోవాడు రాజధాని నుంచి వచ్చిన ధారణ సలహాదారు కౌస్తుభ్. ఇరవై ఆరేళ్లు, పెళ్లి కాలేదు, చేతిలో ట్యాబ్. హరిప్రియ గోడకు ఆనుకుని నిలబడింది. సుంకులమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది.

"ధారణలో మీకు ఎన్నేళ్ల అనుభవం?" అన్నాడు కౌస్తుభ్.

"ఐదుమందిని మోసినా నాయనా. ముగ్గురు దక్కినారు."

కౌస్తుభ్ ట్యాబ్‌లో వెతికాడు. అలాంటి గడి అందులో లేనట్టుంది. తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు. "ముడులు ఎన్ని వేస్తారు?"

"ఒగటి."

"ఏడు వేయాలి."

"ఏడేస్తే, బిడ్డ ఉచ్చ బోసినప్పుడు ఎప్పుడిప్పేది సామీ?"

కౌస్తుభ్ వామనమూర్తి వైపు చూశాడు. వామనమూర్తి నలభై రెండు పేజీలూ తిరగేశాడు. "ఆ సందర్భము కరదీపికయందు ప్రస్తావించబడలేదు," అని ఒప్పుకున్నాడు.

ఇక ప్రయోగ పరీక్ష. ఇసుక సంచిని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టి, దీన్ని ధరించి హాలు చుట్టూ మూడుసార్లు నడవమన్నారు. సుంకులమ్మ సంచిని చేత్తో ఒత్తి చూసింది. వాసన చూసింది.

"ఇది ఇసక గదా."

"బిడ్డ అనుకోండి."

"ఎట్లనుకుంటా? ఇరవై ఏండ్లు ఇసక మోసినా, బిడ్డల్నీ మోసినా. ఇసక తలకాయన మోస్తారు. బిడ్డను యీపున మోస్తారు. మీరు తారుమారు చేసినట్టుండారు."

అని, పమిట చెంగు చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద సంచి పెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి హాలు చుట్టూ మూడుసార్లు నడిచింది. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. సంచి ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు. కిటికీ అవతలి జనం చప్పట్లు కొట్టారు.

కౌస్తుభ్ నివేదిక రాశాడు: "అభ్యర్థిని శిశువును శిరస్సుపై ధరించినది. చేతులు వదిలినది. అత్యంత ప్రమాదకర ధోరణి." వామనమూర్తికి పాస్ చేయించాలనే ఉంది గాని, తలమీద అన్న మాట తుడిచేయడానికి వీలుండే మాట కాదు. సుంకులమ్మకు ఎర్ర కార్డు ఇచ్చారు. దాని మీద 'అనర్హ ధారకురాలు' అని ఉంది. ఆమెకు చదువు రాదు. ఇంటికి తెచ్చి దేవుడి పటం పక్కన పెట్టుకుంది.

గడువు ముగిసింది. ఎర్రమిట్టలో ఏడాది లోపు బిడ్డలు పద్దెనిమిది వందల చిల్లర. పత్రాలున్నవాళ్లు రెండు వందల పన్నెండు మంది. మిగతావాళ్లు బిడ్డల్ని ఎత్తడానికి వీల్లేదు. మండలి ఇది ముందే ఊహించి, వార్డుకొక ధారణ కేంద్రం తెరిచింది. బిడ్డను అక్కడికి తెస్తే, పత్రమున్న సిబ్బంది ఐదు నిమిషాలపాటు శాస్త్రీయంగా ధరించి తిరిగిస్తారు. ఎత్తకుండా ఎలా తేవాలన్నది ఉత్తర్వులో లేదు కాబట్టి జనమే దారులు వెతుక్కున్నారు. కొందరు కూరగాయల గంపల్లో తెచ్చారు. కొందరు నీళ్ల క్యాన్ల రిక్షాలో తెచ్చారు. తోయడం ఎత్తడం కిందికి రాదని అప్పటికే స్పష్టీకరణ వచ్చింది. టోకెన్లు ఇచ్చారు. మధ్యాహ్నానికి దస్తగిరి రొమ్మున నలభై ఆరో టోకెను బిడ్డ ఉండేది, నలభై ఏడో బిడ్డ కాళ్ల దగ్గర గంపలో ఉండి ఆయన ప్యాంటు లాగేది. తల్లులు ఎదురుగా బెంచీల మీద చేతులు కట్టుకుని కూర్చుని, తమ బిడ్డల్ని వేరేవాళ్లు దగ్గరకు తీసుకోవడం చూసేవాళ్లు.

ఇళ్లలో ఇంకో రకం. బిడ్డ ఏడిస్తే పెద్దవాళ్లు నేలమీద బోర్లా పడుకునేవాళ్లు. బిడ్డే పాకి వీపెక్కితే? అది ధారణ అవునా కాదా అని వామనమూర్తి పైకి రాశాడు. "శిశువు స్వచ్ఛందముగా ఎక్కినచో అభ్యంతరము లేదు" అని వచ్చింది. ఆ వారం ఎర్రమిట్టలో ఏ ఇంట్లోకి తొంగిచూసినా తాతలు, అవ్వలు నేలమీదే ఉన్నారు. సుంకులమ్మ కూడా వరండాలో పడుకుని ఆశ్రిత పాకి వచ్చేదాకా చూసేది. సరోజిని మాత్రం నియమం నియమమేనని ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చునేది. నలభై ఏళ్లు పిల్లలకు నియమాలు చెప్పిన మనిషి.

రాజధానికి వెళ్లిన నివేదికలో ఎర్రమిట్ట మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ అశాస్త్రీయ ధారణ పూర్తిగా ఆగిపోయింది మరి. పరాంకుశం గారు సంతోషించి, స్వయంగా వస్తున్నానని కబురు పెట్టారు. జూనియర్ కాలేజీ మైదానంలో మహా ధారణోత్సవం. వెయ్యి మంది ధారకులు ఒకేసారి. వేదిక మీద ఆయన కూడా ధరిస్తారు.

అది ఏప్రిల్ నెల. ఆ ఎండలో బిడ్డను తేవడానికి ఏ తల్లీ ఒప్పుకోలేదు. కాబట్టి వెయ్యి సంచులు కుట్టించారు. పొదుపు సంఘాల ఆడవాళ్లను, కాలేజీ పిల్లల్ని, మున్సిపల్ స్వీపర్లను పిలిచి తలా ఒక సంచి కట్టారు. కానీ వేదిక మీద సంచి బాగుండదు.

"ఒక్క ప్రాణమున్న ధార్యురాలు కావాలమ్మా," అన్నాడు వామనమూర్తి, గొంతు తగ్గించి. "మన స్టాఫ్‌లో చంటిబిడ్డ మీకొక్కరికే ఉంది. పది నిమిషాల పని. నెలాఖరుకి మీ కాంట్రాక్టు రెన్యూవలు కూడా ఉంది కదా. సారు చేతుల మీదుగా పోతే ఆ ఫైలు ఆగదు."

హరిప్రియ వద్దనాలనుకుంది. నోరు తెరిస్తే సరే అని వచ్చింది. ఇంట్లో చెబితే అవ్వ పాపకు టోపీ కుట్టడం మొదలుపెట్టింది. సరోజిని మాత్రం, పెద్ద ఆఫీసరు పక్కన వేదిక మీద అంటే గౌరవమే కదా అని మెత్తబడి, తను కూడా వస్తానంది.

పది గంటలకు రావలసిన పరాంకుశం గారు పదకొండున్నరకు వచ్చారు. గొంతుదాకా గుండీలున్న కోటు వేసుకున్నారు. ఇద్దరు సిబ్బంది కరదీపిక చూస్తూ ఆశ్రితను ఆయన రొమ్ముకు కట్టి, ఏడు ముడులూ వేశారు. ఏడోది కోటు వెనకాల పడింది. ఫొటోలు తీశారు. పరాంకుశం గారు మైకు అందుకున్నారు.

"ఈనాడు ఎర్రమిట్ట యావత్ ప్రపంచమునకు ఒక సాన్నిహిత్య దిక్సూచిగా..."

రెండో నిమిషంలో పాప ముక్కుతో మూలిగింది. నాలుగో నిమిషంలో ఏడుపు అందుకుంది. మైకు దగ్గరగా ఉండటంతో ఆ ఏడుపు మైదానమంతా నాలుగు స్పీకరు పెట్టెల్లోంచి వినబడింది.

"ఇది ధార్యురాలి ఆనందాతిశయము," అన్నారు పరాంకుశం గారు. ముందు వరుసవాళ్లు చప్పట్లు కొట్టారు.

హరిప్రియ వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉంది. పాప టోపీ కళ్ల మీదికి జారింది. మెడ మీద ఎర్రగా కందింది. "సార్, పాపకు ఉక్కపోస్తోంది. తీసుకుంటాను," అంది వామనమూర్తితో.

"ఒక్క ఐదు నిమిషాలమ్మా. ప్రసంగం మధ్యలో ధారణ విరమణ కుదరదు. విరమణ పత్రం మీద ధారకుడే సంతకం చేయాలి. ఆయన చేతిలో మైకుంది."

"పాప ఏడుస్తోంది సార్."

"నాకూ వినబడుతోందమ్మా," అన్నాడాయన, నేల చూపులు చూస్తూ.

హరిప్రియ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నెలాఖరు గుర్తొచ్చింది. ఆ కాలు అక్కడే ఉండిపోయింది. తర్వాత చాన్నాళ్లు ఆమెకు ఆ మెట్టు కలలోకి వచ్చేది.

అప్పుడు ముందు వరుసలోంచి సరోజిని లేచింది. గంజిచీర గరగరలాడుతుండగా కూతురి పక్కనుంచి మెట్లెక్కి, బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది.

"ఆపు."

పరాంకుశం గారు ఆపేశారు. తను ఎందుకు ఆపారో ఆయనకే తెలిసినట్టు లేదు. వీపు మాత్రం నిటారు చేసుకున్నారు.

"ఇటు తిరుగు. చేతులెత్తు."

ఆయన తిరిగారు, చేతులెత్తారు. సరోజిని ఆరు ముడులు గబగబా విప్పింది. ఏడోది చెమటకు బిగుసుకుపోయింది. ఆమె వంగి దాన్ని పళ్లతో పట్టి లాగింది. వెయ్యి మంది చూస్తుండగా, హెడ్మిస్ట్రెస్ సరోజిని మేడం ఒక ఆఫీసరు నడుము దగ్గర ముడిని పళ్లతో విప్పి, బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. టోపీ తీసి పారేసి, మొహం మీద ఊదింది. తర్వాత భుజానికున్న పిన్ను లాగేసి, పమిట చెంగు వదులు చేసి, ముందుకు వంగి, బిడ్డను వీపుమీద వేసుకుని, చెంగును చుట్టూ తిప్పి రొమ్ము మీద ఒకే ఒక్క ముడి వేసింది. ఆలోచించి చేసినట్టు లేదు. ఆమెకు ఏడేళ్లప్పుడు, తల్లి పనిలోకి పోతే, తమ్ముణ్ని అలాగే కట్టుకుని తిరిగింది మరి.

మెట్లు దిగేలోగా పాప ఏడుపు ఎక్కిళ్లయింది. గేటు దాటేలోగా అదీ ఆగింది. హరిప్రియ ఎవరి అనుమతీ అడక్కుండా వెనకాలే నడిచింది.

మైదానంలో ఒక స్వీపరమ్మ తన సంచిని విప్పి నేలమీద పెట్టింది. తర్వాత పక్కామె. తర్వాత వరుసంతా. కాసేపటికి మైదానంలో సంచులే మిగిలాయి. పరాంకుశం గారు రొమ్మున ఖాళీ గుడ్డ వేలాడుతుండగా ప్రసంగం పూర్తి చేశారు. కౌస్తుభ్ లెక్క రాశాడు: వెయ్యి ప్రతిరూపాలు, హాజరు నూటికి నూరు శాతం.

ఇంటికి నడిచే దారి బజారు మధ్యనుంచే. నగల కొట్టాయన, మందుల షాపాయన, అందరూ సరోజిని దగ్గర చదువుకున్నవాళ్లే. లేచి నిలబడి నమస్కారం పెట్టారు. వీపున ఉన్నది చూశారు. ఆమె అందరికీ తల ఊపుతూ నడిచింది గాని, ముడి కనబడకుండా చెయ్యి అడ్డు పెట్టుకోలేదు.

వరండాలో సుంకులమ్మ కూతురిని కిందనుంచి పైదాకా చూసింది. "యెనక్కి తిరుగు. ముడి వదులయింది," అంది. అరవై రెండేళ్ల సరోజిని వెనక్కి తిరిగి నిలబడింది. సుంకులమ్మ చెంగు లాగి సరిచేస్తుంటే, గోడకేసి చూస్తూనే సరోజిని అంది: "అమ్మా, నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు, 'మీ అమ్మ ఏం చేస్తుంది' అని అడిగితే... టీచరని చెప్పాను."

"తెలుసులే."

"నీకెట్లా తెలుసు?"

"అబ్బుడు మీ ఇస్కూలు గోడకి రాళ్లు మోసింది నేనే గదా. కిటికీలోంచి ఇన్యాను."

"విని, ఏమనుకున్నావమ్మా?"

"ఏమనుకుంటా? టీచరు పని మంచిదే గదా అనుకున్యా," అని సుంకులమ్మ ముడి బిగించి, "ఇంగ దిరుగు," అంది.

సరోజిని తిరగలేదు. కొంగు పాప చుట్టూ ఉంది కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క అలాగే నిలబడింది. హరిప్రియ తన రుమాలు ఇచ్చింది.

మర్నాడు మెమో వచ్చింది. అనర్హ వ్యక్తి ద్వారా ధార్యురాలిని వేదిక నుండి తరలించుటకు సహకరించినందుకు ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను. హరిప్రియ "పాప ఏడ్చింది" అని రెండు ముక్కలు రాసింది. పాత చీర చింపి ఆశ్రితను వీపున కట్టుకుని, ఉద్యోగం పోతే పోయిందనుకుని ఆఫీసుకు బయల్దేరింది. రోజుకు నాలుగు గంటల లెక్క కోసం ఇంకా ఇసుక సంచులు కట్టుకున్న సిబ్బంది ఆమెను నోరెళ్లబెట్టి చూశారు. ఆమె నేరుగా వామనమూర్తి గదిలోకి వెళ్లి జవాబు బల్ల మీద పెట్టింది.

ఆయన చదివాడు. లేచి వెళ్లి తలుపు గడియ వేశాడు. తిరిగొచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"మొన్న మా అమ్మాయి ఇంటికి పోయానమ్మా. మనవడికి మూడు నెలలు. ఎత్తుకోబోతే, 'పత్రం చూపించు నాన్నా' అంది. నా సంతకంతో పోయిన సర్క్యులర్ ఫ్రిజ్ మీద అంటించుకుంది. బిడ్డ ఉయ్యాల్లోంచి నన్ను చూసి నవ్వాడు. నేను వాడికి నమస్కారం పెట్టి వచ్చేశాను."

"మీకు పత్రం లేదా సార్?"

"జారీ చేసే అధికారిని నేనే. నాకు నేను జారీ చేసుకోకూడదు. పైకి రాశాను. పరిశీలనలో ఉంది." ఆయన పాప వైపు చూశాడు. "ఒక్కసారి... మీ పాపను... ఎవరికీ చెప్పకండి."

హరిప్రియ ముడి విప్పి పాపను అందించింది. ఆయనకు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తల కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి అని ఆమె సర్దింది. కాసేపటికి పాప తనంతట తనే ఆయన చంకలో కుదురుకుంది. ఎడమ చంకన పాపను అలాగే పట్టుకుని, ఆయన కుడిచేత్తో రెన్యూవలు ఫైలు తీసి సంతకం పెట్టాడు. మెమో ఏదని చూస్తే అది పాప చేతిలో ఉంది, సగం నోట్లో ఉంది. ఆయన లాక్కోలేదు.

బయటనుంచి దస్తగిరి తలుపు తట్టాడు. "సార్, హెడ్డాఫీసు నుంచి ఫోను. పత్రం లేకుండా బిడ్డల్ని ఎత్తుకుంటున్నోళ్లు మన టౌన్లో ఎంతమంది ఉండారో వెంటనే చెప్పాలంట."

పాప కాగితం వదిలేసి వామనమూర్తి కళ్లజోడు పట్టుకుంది.

"ఎవరూ లేరని చెప్పు," అన్నాడాయన, పాప ఉలిక్కిపడకుండా గొంతు తగ్గించి.